ఏడున్నర వేల పెంపు: సంతకానికి ముందు చూడాల్సిన లెక్కలు

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ ఆపరేటర్‌ని. పర్మినెంటు కార్మికులం 210 మంది, కాంట్రాక్టు వాళ్లు 300 దాకా ఉంటారు. ఈమధ్యే నన్ను యూనియన్ సహాయ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. మూడేళ్ల వేతన ఒప్పందం మార్చి 31తో అయిపోయింది. కొత్త ఒప్పందంలో మూడేళ్లకు కలిపి 7,500 పెంచుతామని, దాన్ని 40, 30, 30 శాతం చొప్పున ఇస్తామని యాజమాన్యం అంటోంది. అందులో బేసిక్‌లో కలిపేది 1,500. అలవెన్సులు 3,000, ప్రొడక్షన్ ఇన్సెంటివ్ 3,000. బదులుగా ఉత్పత్తి 15 శాతం పెంచాలట. నెలాఖరులోగా సంతకం పెట్టకపోతే బకాయిలు రావంటున్నారు. హెచ్ఆర్ వాళ్లు సీనియర్లను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడుతున్నారు. కుర్రాళ్లేమో రేపే మెషిన్లు ఆపేద్దామంటున్నారు. నా గ్రాస్ ఇప్పుడు 24,000. బేసిక్ 9,000, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) 5,200, మిగతావన్నీ అలవెన్సులు. మేం ఏం చేయాలి?
– ఒక కార్మికుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: రేపు సంతకం పెట్టొద్దు, రేపు మెషిన్లూ ఆపొద్దు. మీ వాళ్లంతా 7,500 అనే అంకె చుట్టూ వాదించుకుంటున్నట్టున్నారు. అసలు చూడాల్సింది ఆ డబ్బు పే స్లిప్‌లో ఏ గడిలో పడుతుంది, ఏ నెల నుంచి పడుతుంది, దానికి బదులుగా మీ చేత ఏం రాయించుకుంటున్నారు అన్నది. ఈ మూడూ తేలితే 7,500 మంచి ఒప్పందం కావచ్చు, తేలకపోతే 10,000 కూడా నష్టమే కావచ్చు.

అన్నిటికంటే ముందు యాజమాన్యాన్ని రెండు విషయాలు అడిగి, జవాబులు మీటింగ్ మినిట్స్‌లోకి ఎక్కించండి. ఈ 7,500 గ్రాస్ మీదా, సీటీసీ (మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) మీదా? సీటీసీ అయితే కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే 4.81 శాతం, బోనస్, చివరికి బస్సు, క్యాంటీన్ ఖర్చు కూడా అందులోనే లెక్క కడతారు. చేతికొచ్చేది చాలా తగ్గిపోతుంది. ఇక రెండోది: వీడీఏ ఈ 7,500లో కలిసిందా, దీనికి అదనమా? కలిసిందంటే ధరల వల్ల ఎలాగూ పెరగాల్సిన డబ్బునే పెంపు పేరుతో ఇస్తున్నారన్న మాట. మూడేళ్లలో వీడీఏ 1,500 పెరుగుతుందనుకుంటే మీ అసలు పెంపు 6,000 మాత్రమే. "వీడీఏ ఈ పెంపుకు అదనం" అన్న మాట ఒప్పందంలో ఉండి తీరాలి.

వీడీఏ దగ్గర ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలా యూనియన్లు పట్టించుకోవు. లేబర్ బ్యూరో ప్రతి నెలా ఇచ్చే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ఇప్పుడు 2016ను 100గా పెట్టుకుని నడుస్తోంది. పాత ఒప్పందాలు చాలావరకు 2001 సిరీస్ మీద రాసుకున్నవి. ఈ రెండింటినీ కలిపే గుణకం 2.88. అంటే కొత్త సిరీస్‌లో ఒక పాయింటు పెరిగితే పాత సిరీస్‌లో 2.88 పాయింట్లు పెరిగినట్టు. మీ పాత ఒప్పందంలో పాయింటుకు 4 రూపాయలని ఉంటే, కొత్త సిరీస్‌కు మారేటప్పుడు అది 11 రూపాయల 52 పైసలు కావాలి. "సిరీస్ మార్చాం, రేటు అలాగే ఉంచాం" అని ఒక్క వాక్యం రాసేస్తే మీ వీడీఏ పెరుగుదల మూడో వంతుకు పడిపోతుంది. మీ ఒప్పందంలో ఏ సిరీస్ ఉందో ఈ రోజే తీసి చూడండి.

ఇక గడుల సంగతి. ఇప్పుడు మీ బేసిక్, వీడీఏ కలిపి 14,200, గ్రాస్‌లో 59 శాతం. యాజమాన్యం చెప్పినట్టు చేస్తే, వీడీఏ పెరుగుదల పక్కన పెట్టి చూస్తే, మూడో ఏడాదికి గ్రాస్ 31,500 అవుతుంది, బేసిక్, వీడీఏ కలిపి 15,700. అంటే సగానికి కాస్త తక్కువ. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం, మినహాయింపు ఉన్న అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే దాటిన మేర వేతనంగానే లెక్కకొస్తుంది. యాజమాన్యం లెక్క సరిగ్గా ఆ సగం గీత దగ్గర ఆగిందని గమనించండి.

అదే 7,500ను మీరు ఇలా అడగొచ్చు: బేసిక్‌కి 4,500, అలవెన్సులకు 1,500, ఇన్సెంటివ్‌కి 1,500. అప్పుడు బేసిక్, వీడీఏ కలిపి 18,700 అవుతుంది, ఇప్పుడున్న 59 శాతం నిష్పత్తే నిలుస్తుంది. కంపెనీ చెప్పిన మొత్తం పెరగలేదు, మీకు మాత్రం తేడా పెద్దది. గ్రాట్యుటీ ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం, 26 రోజుల లెక్కన. బేసిక్‌లో 3,000 ఎక్కువ పడితే ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషికి 34,600 పైచిలుకు ఎక్కువ వస్తుంది. ఓటీని (ఓవర్‌టైమ్‌ని) బేసిక్, వీడీఏ మీదే కడుతున్నారనుకుంటే, 26 రోజులు ఇంటూ 8 గంటలు, 208తో భాగించి రెట్టింపు చేయండి. 15,700 మీద గంటకు 151 వస్తుంది, 18,700 మీద 180. నెలకు 30 గంటలు ఓటీ చేసేవాడికి ఇక్కడే 860 రూపాయల తేడా. ఓటీ లెక్కలో ఏ ఏ అలవెన్సులు కలుస్తాయో కూడా పేరుపేరునా రాయించుకోండి. రాయకపోతే పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టేస్తారు.

కుర్రాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. బేసిక్ పెరిగితే పీఎఫ్ కోత కూడా పెరుగుతుంది. పై రెండు పద్ధతుల మధ్య కోత తేడా నెలకు 360. ఇది జనరల్ బాడీలో ముందే చెప్పకపోతే మొదటి నెల పే స్లిప్ చూసి యూనియన్ మోసం చేసిందంటారు. కంపెనీ కూడా అంతే 360 జమ చేస్తుందని అదే మీటింగ్‌లో చెప్పండి. అయితే దీనికి ఒక షరతు ఉంది: మీ బేసిక్, వీడీఏ ఇప్పుడు పీఎఫ్‌కు చట్టం పెట్టిన 15,000 గీత దాటబోతున్నాయి. చాలా కంపెనీలు అక్కడ ఆగిపోయి 1,800 మాత్రమే కడతాయి. "పూర్తి బేసిక్, వీడీఏ మీద పీఎఫ్" అని రాసుంటేనే ఆ 360 వస్తుంది.

ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ వైద్య బీమా) సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. దాని లెక్కకొచ్చే వేతనం 21,000 దాటినవాళ్లు ఆ కాంట్రిబ్యూషన్ పీరియడ్ అయిపోగానే, అంటే సెప్టెంబర్ చివరకో మార్చి చివరకో, ఈఎస్ఐ నుంచి బయటికొస్తారు. ఆ రోజు నుంచి ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉన్నవాడికి రామచంద్రపురం ఈఎస్ఐ ఆసుపత్రి తలుపు మూసుకుపోయినట్టే. సీనియర్లలో ఎవరెవరు ఎప్పుడు దాటుతారో జాబితా రాసుకుని, దాటిన రోజు నుంచే తల్లిదండ్రులతో సహా వర్తించే గ్రూప్ మెడిక్లెయిమ్ అడగండి. ప్రీమియం ఎవరు కడతారో కూడా రాయాలి.

ఏ నెల నుంచి పడుతుందన్నది తర్వాతి లెక్క. 40, 30, 30 అంటే మొదటి ఏడాది 3,000, తర్వాత 2,250, ఆ తర్వాత ఇంకో 2,250. మొదటి ఏడాది పెరిగిన డబ్బు 36 నెలలూ వస్తుంది, రెండో ఏడాదిది 24 నెలలు, మూడో ఏడాదిది 12 నెలలే. కలిపితే మనిషికి మూడేళ్లలో 1,89,000. అదే 7,500ను 60, 20, 20గా ఇస్తే 2,16,000 వస్తుంది. పోస్టర్ మీద అంకె మారలేదు, మనిషికి 27,000 తేడా. యాజమాన్యం మొత్తం పెంచనని భీష్మించుకున్నప్పుడు ఈ నిష్పత్తి మీద బేరం ఆడండి. ఆఖరి రోజుల్లో చాలా పీటముడులు ఇక్కడే విడతాయి.

ఇప్పుడు బదులుగా ఇచ్చేది. ఆ 15 శాతం ఎక్కడి నుంచి వస్తుందో మీ మెషిన్ దగ్గరే లెక్క వేసి చూపించండి. ఒక ఉదాహరణ చెబుతాను, మీ అంకెలు పెట్టి మార్చుకోండి. షిఫ్టు 480 నిమిషాలు. భోజనం 30, టీ రెండుసార్లు పది పది. మిగిలింది 430. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే ముక్క) మార్పు మూడుసార్లు, ఒక్కోదానికి 5 నిమిషాలు. ఫస్ట్ పీస్ చెకింగ్‌కి 10. చిప్స్ తీసి శుభ్రం చేసి తర్వాతి షిఫ్టుకు అప్పగించడానికి మరో 10. మిగిలేది 395 నిమిషాలు. లోడింగ్, అన్‌లోడింగ్‌తో కలిపి పీసుకు 190 సెకన్లు పడుతుందంటే ఎంత చేసినా 124 పీసులే వస్తాయి. ఇప్పటి నార్మ్ (షిఫ్టుకు చేయాల్సిన పీసుల లెక్క) 120 అయితే 15 శాతం పెంచి 138 చేయాలి. 138 పీసులకు 437 నిమిషాలు కావాలి. టీ, భోజనం తీసేస్తే మిగిలిన 430 కంటే అదే ఎక్కువ!

అంటే మనిషి ఎంత కష్టపడ్డా ఆ అంకె రాదు. రావాలంటే మెషిన్ కోత వేగం (ఫీడ్, స్పీడ్) పెంచాలి, అప్పుడు ఇన్సర్ట్‌లు త్వరగా అరిగి రిజెక్షన్ పెరుగుతుంది. లేదా పీసును పట్టి ఉంచే ఫిక్చర్ మార్చి లోడింగ్ సమయం తగ్గించాలి, ఆ ఖర్చు కంపెనీది. లేదా ఒక ఆపరేటర్‌కు రెండు మెషిన్లు అప్పగించాలి. యాజమాన్యం మనసులో ఉన్నది చాలాసార్లు ఈ మూడోదే. కాగితం మీద మాత్రం "15 శాతం ఉత్పాదకత పెంపు" అనే ఉంటుంది. అందుకే మొత్తం ప్లాంటుకు కలిపి ఒక శాతం ఒప్పుకోవద్దు. మెషిన్ వారీగా, కాంపొనెంట్ వారీగా సైకిల్ టైమ్ రాసిన అనుబంధం ఒప్పందానికి జతచేయాలి. టైమ్ స్టడీ యూనియన్ మనిషి ఎదుట, మామూలు ఆపరేటర్‌తో, వేర్వేరు షిఫ్టుల్లో జరగాలి. లైన్‌లో అందరికంటే చురుకైన కుర్రాణ్ని నిలబెట్టి తీసిన టైమ్ చెల్లదని ముందే చెప్పండి.

ఇన్సెంటివ్‌లో మోసపోయేది కూడా ఇలాంటి చోటే. కరెంటు పోయింది, మెటీరియల్ రాలేదు, మెషిన్ బ్రేక్‌డౌన్ అయింది, టూల్ లేదు, కస్టమర్ ఆర్డర్ తగ్గించాడు. వీటిలో ఏదీ ఆపరేటర్ తప్పు కాదు, నెలాఖరున ఇన్సెంటివ్ మాత్రం వాడికే పోతుంది. ఇలాంటి గంటలకు గత మూడు నెలల సగటు ఇన్సెంటివ్ ఇవ్వాలని రాయించండి. కాస్టింగ్ లోపం వల్ల పోయిన పీసును ఆపరేటర్ రిజెక్షన్‌లో కలపకూడదు. నార్మ్ దాకా వచ్చి ఒక్క పీసు తగ్గితే మొత్తం సున్నా అనే పద్ధతి కాకుండా మెట్లు మెట్లుగా స్లాబులు ఉండాలి.

"యాజమాన్యం అవసరాన్ని బట్టి మార్పులు చేసుకోవచ్చు, కార్మికులు సహకరించాలి" అనే క్లాజు దాదాపు ప్రతి డ్రాఫ్టులోనూ ఉంటుంది. దాన్ని కొట్టేయించండి. వేతనం, అలవెన్సులు, షిఫ్టులు, మనుషుల సంఖ్య లాంటి షరతులు మీకు నష్టం కలిగేలా మార్చాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టం. ఒప్పందం ప్రకారం చేసే మార్పులకు ఆ నోటీసు అక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం మీద సంతకం పెడితే ఆ రక్షణను మీ చేతులతోనే వదులుకున్నట్టు.

బకాయిలు పోతాయన్న బెదిరింపుకు బెదరకండి. ఒప్పందం గడువు తీరినంత మాత్రాన చెల్లకుండా పోదు. ఏదో ఒక పక్షం రద్దు చేస్తున్నామని రాతపూర్వక నోటీసు ఇచ్చి, 60 రోజులు గడిచేదాకా అది ఇద్దరినీ కట్టేస్తుంది. కాబట్టి పాత వీడీఏ, పాత అలవెన్సులు ఇప్పటికీ రావాల్సిందే. మీరు ఆ నోటీసు ఇచ్చారో లేదో ఉత్తరంలో రాయలేదు. ఇవ్వకపోతే డిమాండ్ల పత్రంతో పాటు వెంటనే ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి, కాపీ లేబర్ ఆఫీసుకు పంపండి. కొత్త ఒప్పందం ఏప్రిల్ 1 నుంచి అమలు అన్నది మీ మొదటి డిమాండ్‌గా పెట్టండి. చర్చలు సాగితే, తర్వాత సర్దుబాటు చేసుకునేలా నెలకు కొంత మధ్యంతర భృతి అడగండి. ఇల్లు గడవక తొందరపడి సంతకం పెట్టే పరిస్థితి దానితో తప్పుతుంది.

సీనియర్లను ఒక్కొక్కరినే పిలవడం గురించి: గుర్తింపు యూనియన్‌తో మంచి మనసుతో సామూహిక చర్చలకు రాకపోవడం అన్యాయ కార్మిక విధానాల జాబితాలో ఉన్నదే. ఎవరిని, ఏ తేదీన, ఎవరు పిలిచారో రాసిపెట్టుకుని లేఖ ఇవ్వండి. అంతకంటే ముఖ్యం మీ సభ్యత్వ రిజిస్టర్. మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) 210 మంది ఉంటే 108 మంది మీ వాళ్లని చూపగలిగితే 51 శాతం దాటినట్టే, చర్చలకు మీరే ఏకైక గుర్తింపు యూనియన్. చందా రసీదులు లేని సభ్యత్వం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆఫీస్ బేరర్లలో రక్షిత కార్మికులుగా ఎవరు ఉండాలో పేర్లు రాసి యాజమాన్యానికి పంపండి. మీ ఫ్యాక్టరీకి కనీసం ఐదుగురిని ఇవ్వాలి. వివాదం విచారణలో ఉన్నప్పుడు ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా వాళ్లను తీసేయడానికి వీల్లేదు.

ఇక మెషిన్లు ఆపడం. సమ్మె మీ హక్కే, దాన్ని వదులుకోమని చెప్పడం లేదు. కానీ పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చాక దారి ఇరుకైంది. నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మె చేయకూడదు, ఆ నోటీసు 60 రోజులకే చెల్లుతుంది. కన్సిలియేషన్ (లేబర్ అధికారి చేసే రాజీ ప్రయత్నం) నడుస్తున్నప్పుడు, అది ముగిశాక ఏడు రోజులు చేయకూడదు. అమల్లో ఉన్న ఒప్పందంలోని అంశాల మీదా చేయకూడదు, అందుకే ముందు ఆ రద్దు నోటీసు సంగతి తేల్చుకోమన్నది. సగం మంది ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. నోటీసు లేకుండా పది మంది, అంతకు మించి కలిసి పని ఆపితే ఎనిమిది రోజుల జీతం దాకా కోసుకోవచ్చు. పని నెమ్మది చేయడం కూడా కార్మికుల తరఫు అన్యాయ విధానంగానే రాసి ఉంది. కుర్రాళ్ల కోపం న్యాయమైనదే, కానీ రేపు మెషిన్లు ఆపితే ఎల్లుండి నుంచి చర్చ జీతం మీద ఉండదు, సస్పెన్షన్లు ఎత్తివేయడం మీద ఉంటుంది. ఆ పరిస్థితి రానివ్వకండి.

చర్చలు రెండు మూడు దఫాలు కదలకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్లి వివాదం లేవనెత్తండి. కన్సిలియేషన్ అధికారి మామూలుగా 45 రోజుల్లో, సమ్మె నోటీసు ఉంటే 14 రోజుల్లో ముగించి నివేదిక ఇవ్వాలి. తేలకపోతే ఆ నివేదిక అందిన 90 రోజుల లోపు మీరే నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, ప్రభుత్వం రిఫర్ చేసేదాకా ఆగాల్సిన పని లేదు.

రాజీ కుదిరినా సంతకం ఫ్యాక్టరీ ఆఫీసులో కాకుండా కన్సిలియేషన్ అధికారి ముందే పెట్టండి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం నంబర్లతో దీన్ని ఇప్పటికీ 12(3) ఒప్పందం అంటారు. బయట రాసుకున్నది, 18(1) అనేది, సంతకం పెట్టిన పక్షాల వరకే. అధికారి ముందు అయింది యూనియన్‌లో లేనివాళ్లకూ, రేపు కొత్తగా చేరేవాళ్లకూ వర్తిస్తుంది. కొత్తగా చేరేవాళ్లను తక్కువ గ్రేడులో వేసి మీ గ్రేడును నెమ్మదిగా ఖాళీ చేసే పద్ధతికి ఇది కొంత అడ్డుకట్ట.

కంపెనీ స్తోమత గురించి వాళ్ల మాట మీదే ఆధారపడకండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కడితే కంపెనీ దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్లు దొరుకుతాయి. మూడేళ్లవి తీసి, అమ్మకాల్లో ఉద్యోగుల ఖర్చు ఎంత శాతమో చూడండి. అందులో మేనేజర్ల, డైరెక్టర్ల జీతాలు కూడా కలిసి ఉంటాయి. కాంట్రాక్టు కార్మికుల ఖర్చు చాలాసార్లు అక్కడ కనిపించదు, "ఇతర ఖర్చులు" కింద జాబ్ వర్క్ అనో లేబర్ చార్జీలనో ఉంటుంది. రెండూ కలిపి చూస్తేనే నిజం తెలుస్తుంది.

ఆ 300 మంది కాంట్రాక్టు వాళ్ల గురించి మీ ఉత్తరంలో సంఖ్య తప్ప ఇంకేమీ లేదు. అది నాకు కష్టంగా తోచింది. మీ పక్క మెషిన్ మీద అదే పని చేసే మనిషికి మీ జీతంలో సగం కూడా రాకపోతే, మీ నార్మ్ ఒప్పుకోనప్పుడల్లా ఆ పని వాళ్లకే వెళ్తుంది. ఈ ఒప్పందంలో కనీసం వాళ్ల రోజు రేటు పెంపు, పే స్లిప్, పీఎఫ్ జమ రుజువు, సర్వీసు వరుసలో పర్మినెంటు ఖాళీలకు ప్రాధాన్యం అనే నాలుగు మాటలు పెట్టించండి.

చివరి డ్రాఫ్టును తెలుగులో రాయించి నోటీసు బోర్డు మీద పెట్టండి, రెండు రోజులు చదవనివ్వండి, తర్వాత జనరల్ బాడీలో రహస్య ఓటు పెట్టండి. సంతకం రోజు ప్రతి పేజీ మీద, అనుబంధాల మీద కూడా రెండు పక్షాల పొట్టి సంతకాలు ఉండాలి. నార్మ్‌ల జాబితా తర్వాత జతచేస్తామంటే ఆ రోజు సంతకం వాయిదా వేసుకుని లేచి రండి.